కోర్ ల్యాబ్ సార్టర్‌లో నాజిల్ మాటిమాటికీ మూసుకుపోతోంది, ఏం మార్చాలి?

ఎలుక ట్యూమర్ కణాలు, యూనివర్సిటీ ఫ్లో సైటోమెట్రీ కోర్‌లో (అందరూ స్లాట్ బుక్ చేసుకుని వాడే ల్యాబ్) సార్టింగ్, అంటే కణాలను చుక్కల్లో పెట్టి రకాలవారీగా వేరుచేయడం. 100 మైక్రాన్ నాజిల్, 20 పీఎస్‌ఐ ఒత్తిడి. మొదటి పావుగంట బాగానే నడుస్తుంది. ఆ తర్వాత స్ట్రీమ్ పక్కకు వంగి, చుక్క తెగే చోటు జరిగి, మెషీన్ ఆగిపోతుంది. నాజిల్ తీసి సోనికేట్ చేసి, డ్రాప్ డిలే (కణాన్ని గుర్తించాక అది ఉన్న చుక్క తెగేదాకా పట్టే సమయం) మళ్లీ సెట్ చేసేసరికి బుక్ చేసిన స్లాట్ అయిపోతుంది (వెనక వాళ్ల స్లాట్‌కూ ఎసరే).

కణాలు మిల్లీలీటరుకు కోటి. పీబీఎస్‌లో (ఉప్పు బఫర్) 2 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండ సీరం), కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా 2 మిల్లీమోలార్ ఈడీటీఏ. 40 మైక్రాన్ జల్లెడలో వడకట్టేది స్టెయినింగ్‌కు (కణాలకు రంగు పట్టించడానికి) ముందు ఒక్కసారే. ఐస్‌లో ఉన్న ట్యూబు కదిపితే అడుగు నుంచి జిగురు తీగల్లాంటివి లేస్తున్నాయి. చచ్చిన కణాల డీఎన్‌ఏ అయ్యుంటుంది. డీనేస్ (డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్) వేద్దామంటే దానికి మెగ్నీషియం కావాలి, ఈడీటీఏ దాన్ని కట్టేస్తుంది.

ఈడీటీఏ మానేసి, 5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్‌తో డీనేస్‌ను చివరిదాకా ఉంచాలా? లేక ముందే డీనేస్ ఇచ్చి, కడిగి, ఈడీటీఏ బఫర్‌లోకి మార్చాలా? సార్ట్ అయిన కణాలు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కు వెళ్తాయి. 130 మైక్రాన్ నాజిల్ ఉంది గానీ, వేగం బాగా పడిపోతుంది. సాంద్రత సగానికి తగ్గించి, లోడ్ చేసే ముందు ఇంకోసారి వడకడితే సరిపోతుందా? సార్టర్ నడిపేవాళ్లు చెప్పగలరు.