నాయకుని శీలం, విశ్వాసి ఓటు: వాక్యానుసారంగా ఎలా నిర్ణయించుకోవాలి?

అందరికీ వందనాలు. నేను చెన్నైలో ఒక తెలుగు సంఘానికి చెందినవాడిని. మా యువజన కూడికలో ఇటీవల అమెరికా రాజకీయాల ప్రస్తావన వచ్చి, అది తెగని వాదంగా మారింది. శీలం విషయంలో ఆరోపణలున్న నాయకుణ్ణి సమర్థించేవారు సాధారణంగా యెషయా 45వ అధ్యాయంలోని కోరెషును చూపుతారు. యూదులను చెర నుండి విడిపించిన, దేవుణ్ణి ఎరుగని ఆ పారసీక రాజును సైతం దేవుడు తాను అభిషేకించినవాడని పిలిచాడు గదా అంటారు. 2016లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి ట్రంప్ గారి విషయంలో ఈ పోలిక విస్తృతంగా వినిపించింది. అయితే 1998లో, డెమోక్రాటిక్ పార్టీకి చెందిన క్లింటన్ గారు అధ్యక్షులుగా ఉన్నప్పుడు, అమెరికాలోని పెద్ద ప్రొటెస్టంటు సంఘ సమాఖ్య అయిన సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ ప్రభుత్వాధికారుల నైతిక శీలం ముఖ్యమని తీర్మానించింది. పార్టీ మారితే ప్రమాణమూ మారుతుందా అన్న సందేహం నన్ను వదలడం లేదు.

నాకు కోరెషు ఉదాహరణ అంతగా అతకదనిపిస్తుంది, ఎందుకంటే యూదులు ఆయనను ఎన్నుకోలేదు. మనమో, ఓటు వేసి ఎన్నుకుంటున్నాం. పైగా దావీదు రాజు పాపం చేసినప్పుడు నాతాను ప్రవక్త రాజ్యక్షేమం పేరు చెప్పి మౌనం వహించలేదు, ఆయనను ముఖాముఖిగా గద్దించాడు. (పై అధికారులకు లోబడమనే రోమా పత్రిక 13వ అధ్యాయాన్ని ఎలాగూ ఎవరో ఒకరు ఎత్తుతారు, అక్కడ చెప్పినది లోబడడం గురించే గాని సమర్థించడం గురించి కాదని నా అభిప్రాయం.)

వేదాంతం చదివినవారు, సంఘ కాపరులు దయచేసి చెప్పండి: పోటీలో ఉన్న అభ్యర్థులందరిలోనూ దోషాలున్నప్పుడు, ఒకరికి ఓటు వేసి కూడా ఆయన తప్పును బహిరంగంగా ఖండించడం విశ్వాసికి సాధ్యమేనా, లేక ఓటు వేయడమే ఆ తప్పులో పాలు పంచుకోవడం అవుతుందా?