డాక్సోరుబిసిన్ పని డీఎన్ఏ దగ్గరైతే మెంబ్రేన్ గొడవ ఎందుకు?

బెంచీ_చివర:
బీఫార్మసీ మూడో ఏడాది. క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్ డీఎన్ఏలో దూరి, డీఎన్ఏ చిక్కులు విప్పే టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటుందని చదివి, అంతే కదా అనుకున్నా. ఇప్పుడు ప్రాజెక్ట్ గైడ్ గారేమో అది లిపిడ్ మెంబ్రేన్‌తో, అంటే కణం చుట్టూ ఉండే కొవ్వు పొరతో, ఏం చేస్తుందో చూడమంటున్నారు. దాటి వెళ్లిపోయే పొరతో పనేంటండీ? వైవా టెన్షన్ ఇప్పుడే మొదలైంది.

లిపిడ్_బాబాయ్:
దాటడమే అంత తేలిక కాదమ్మా. ఆ అణువుకి ఒకవైపు కొవ్వులో కలిసే చదును రింగులు, ఇంకోవైపు చక్కెర భాగం మీద అమైన్, అంటే ప్లస్ చార్జి తీసుకోగల నైట్రోజన్ గుంపు. ఆ అమైన్ పీకేఏ (సగం అణువులు చార్జితో ఉండే పీహెచ్) 8.3 దగ్గర, కాబట్టి రక్తం పీహెచ్ 7.4లో చాలా భాగం ప్లస్ చార్జితోనే తిరుగుతుంది, చార్జి లేని కాస్త భాగమే పొర దాటగలదు. మిగతాది నెగటివ్ చార్జి ఉన్న లిపిడ్లను పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. పైగా కణితి చుట్టూ ఆమ్లం ఎక్కువ, అంటే చార్జి ఇంకా పెరుగుతుంది, లోపలికి పోయేది ఇంకా తగ్గుతుంది.

వార్డు_డ్యూటీ:
మా దగ్గర దీన్ని ఎర్ర మందు అంటారు, ఎక్కాక మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, ముందే చెప్పకపోతే పేషెంట్లు హడలిపోతారు. ప్రతి ఫైల్లో ఇప్పటిదాకా ఎక్కిన మొత్తం డోసు రాస్తాం, ఎకో (గుండె స్కాన్) తీయిస్తాం. ఆ మొత్తం శరీర ఉపరితలంలో చదరపు మీటరుకి 450–550 మిల్లీగ్రాములు దాటితే గుండెకి ముప్పు బాగా పెరుగుతుంది.

లిపిడ్_బాబాయ్:
ఆ ముప్పులోనూ మెంబ్రేన్ పాత్ర ఉంది. మైటోకాండ్రియా లోపలి పొరలో కార్డియోలిపిన్ అనే లిపిడ్ ఉంటుంది, నెగటివ్ చార్జి కాబట్టి ఈ మందు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. గుండె కణాల నిండా మైటోకాండ్రియాలే, ఇంకేం కావాలి. అదొక్కటే కారణం అనను, గుండెలో ఉండే ఆ ఎంజైమ్ రకం, టోపోఐసోమరేజ్-2 బీటా కూడా ఉంది.

పంపు_సెట్టు:
కణం పొరలో పంపులా పనిచేసే పీ-గ్లైకోప్రొటీన్‌ని వదిలేశారు. 1976లో జూలియానో, లింగ్ మందులకు లొంగని హ్యామ్‌స్టర్ కణాల మీద దీన్ని గుర్తించారు. కణం లోపలి దాకా రానివ్వకుండా, పొరలో ఉన్న మందునే పట్టుకుని బయటికి తోసేస్తుంది. లోపలికి పోవడం కంటే లోపల నిలవడమే కష్టం, నా దృష్టిలో అసలు సమస్య అదే. ఇంకోటి, 1982లో ట్రిటన్, యీ ఈ మందుని అగరోజ్ అనే జెల్ పూసలకు అతికించి, కణంలోకి పోకుండానే కణాల్ని చంపుతోందని చూపించారు.

బెంచీ_చివర:
అయ్యబాబోయ్, డీఎన్ఏ దాకా పోకుండానేనా! ఇది వైవాలో చెప్పొచ్చా?

పంపు_సెట్టు:
చెప్పు. కానీ పూస నుంచి మందు ఊడి లోపలికి పోలేదని గ్యారంటీ ఏంటని వెంటనే అడుగుతారు, ఆ పేపర్‌లో దాన్ని ఎలా చూసుకున్నారో చదివి వెళ్లు.