ఆవకాయ బ్రాండు పేరుతో తలనూనె తెస్తే కొంటారా?

కొలతబద్ద: పచ్చళ్ల బ్రాండు కారప్పొడులకో ఉప్మా మిక్సుకో వెళ్తే ఎవరూ కాదనరు. తలనూనెకు వెళ్తే మాత్రం "పొంతన లేదు, మునుగుతుంది" అంటారు. నా వాదన, పొంతన సరుకులో లేదు, కొనేవాళ్ల ఆలోచనా తీరులో ఉంది. మార్కెటింగ్ పరిశోధకులు మోంగా, జాన్ 2007లో అమెరికన్లనూ భారతీయులనూ పోల్చారు. పాత సరుకుకు దూరంగా ఉన్న కొత్త సరుకులో మనవాళ్లకే ఎక్కువ పొంతన కనిపించింది. అక్కడివాళ్లు ఇది ఏ రకం సరుకు అని చూస్తే, మనవాళ్లు దేనికీ దేనికీ సంబంధం అని వెతికారు.

గల్లాపెట్టె: సంబంధం వెతికే బుర్ర చెడ్డ సంబంధాన్నీ పట్టుకుంటుంది కదండీ! ఆవఘాటు, వెల్లుల్లి వాసన... మూత తీయకముందే తలలో ఉంటాయి.

అంకెలరాయుడు: ఇద్దరూ ఒకటి వదిలేశారు. ఆకర్, కెల్లర్ 1990లో 107 మంది విద్యార్థులతో 6 బ్రాండ్ల మీద 20 ఊహా సరుకులకు మార్కులు వేయించారు. బ్రాండు, సరుకు పేర్లు తప్ప వివరాలేమీ ఇవ్వకపోతే పొంతన తప్ప దేన్ని చూసి తేలుస్తారు? సరుకు వివరాలు జోడించేసరికి పొంతన ప్రభావం పోయిందని 2001లో క్లింక్, స్మిత్ చూపించారు. అది మిగిలింది కొత్తవాటిని ఆలస్యంగా కొనేవాళ్ల దగ్గరే.

కొత్తవాటిని ముందే కొనే, ఆలస్యంగా కొనే ఆ స్వభావం కొలవడానికి గోల్డ్‌స్మిత్, హఫాకర్‌ల 6 వాక్యాల కొలమానం (1991) చాలు. కానీ తలనూనె గురించే అడగాలి. కొత్త ఫోను మొదటిరోజే కొనే మనిషి నూనె దగ్గర అమ్మ వాడిన సీసా దాటడు. కొన్ని వాక్యాలు తిరగేసి ఉంటాయి, "అందరికన్నా చివర కొనేది నేనే" లాంటివి. వాటి మార్కులు తిప్పకుండా కలిపితే లెక్కంతా చెడుతుంది. మధ్య విలువ దగ్గర జనాన్ని రెండు ముక్కలు చేయకండి. 7 పాయింట్ల స్కేలు మీద 3.9, 4.1 వచ్చినవాళ్లు వేర్వేరు జాతులైపోతారు! స్కోరును ఉన్నదున్నట్టు ఉంచి, పొంతనతో గుణించిన పదాన్ని రిగ్రెషన్‌లో (ఏ కారణం ఫలితాన్ని ఎంత మారుస్తుందో తేల్చే లెక్కలో) పెట్టండి. స్వభావాన్ని బట్టి పొంతన ప్రభావం మారుతుందా అన్నది ఆ పదమే చెబుతుంది.

కొలతబద్ద: వాసన సంగతి ఒప్పుకుంటాను. ఆలోచనా తీరు మాట వదలను. అదే మోంగా, జాన్ 2010లో చూపినట్టు, ప్రతిష్ఠ కోసం కొనే బ్రాండైతే రెండు రకాల ఆలోచనా తీరులకూ తేడా పెద్దగా లేదు. అవసరానికి కొనే బ్రాండు దగ్గరే తేడా. పచ్చడి ఆ రెండో కోవదే.

గల్లాపెట్టె: అయితే కొనేవాళ్లకు చూపించడానికి మూడు రకాల కార్డులు వేయండి: పేరు ఒక్కటే, పేరుతో పాటు దినుసులూ ధరా, మూడోదానికి వాసన చూసే సీసా. ఒక్కొక్కరికి ఒక్క కార్డే. నా పందెం మూడోదాని మీద.