కారు మ్యాట్ మీద ఆవకాయ ఒలికింది, మరక పోవట్లేదు

గుంటూరులో అమ్మ పెట్టిచ్చిన ఆవకాయ డబ్బా, బెజవాడ వస్తుంటే మంగళగిరి దగ్గర సడన్ బ్రేక్ కొట్టేసరికి బోర్లాపడింది. కార్పెట్ మ్యాట్ నిండా నూనె, కారం. షాంపూతో రెండుసార్లు కడిగినా ఎర్ర మరక అలాగే ఉంది, ఏసీ వేస్తే ఆవఘాటు!

జవాబు 1: నీళ్లు తర్వాతండీ, ముందు నూనె లాగాలి. మ్యాట్ ఆరాక వంటసోడా మందంగా చల్లి రాత్రంతా వదిలేసి, పొద్దున దులిపి, గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్లలో కలిపి పాత బ్రష్‌తో రుద్దండి. పసుపు మరక మిగిలితే మన ఎండే వెలిసిపోయేలా చేస్తుంది.

జవాబు 2: మ్యాట్ ఎత్తి కింద ఫ్లోర్ చూశారా? ఘాటు అక్కడినుంచే అయ్యుంటుంది. తడి ఆరకుండా మళ్లీ పరిస్తే బూజు కూడా తోడవుతుంది.

జవాబు 3: డ్రైవర్ వైపుదైతే తిరిగి వేసేటప్పుడు హుక్‌కి తగిలించండి, జారి పెడల్ కిందకి వెళ్తే ప్రమాదం. ఇంతకీ ఆవకాయ ఏమన్నా మిగిలిందా?

అడిగినవారు: అడుగున నాలుగు ముక్కలు.