కొత్తగా కొన్న జెట్ బోటు: రేసు ఎక్కుతది, ముందుకు పోదు. ఇంజన్ దించాలెనా, పంపు చూడాలెనా?

హన్మకొండ పడవ:
అందరికీ నమస్తే. నలుగురు దోస్తులం కలిసి ఒక జెట్ బోటు కొన్నం. కొత్తది అంటే మాకు కొత్తది, దానికి పదేండ్లు దాటినయ్. సముద్రం ఒడ్డున తిరిగిన బండి. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ఫోర్ స్ట్రోకు, ఫ్యూయల్ ఇంజెక్షన్. ట్రైలర్‌తోని కలిపి ఆరు లక్షల నలభై వేలు పడ్డది. అమ్మినాయన ట్రైలర్ మీదనే రెండుసార్లు స్టార్ట్ చేసి చూపించిండు. గుర్రుమన్నది, మేం మురిసిపోయినం. నీళ్ళల్ల ఏసి చూడలే. తిట్టేటోళ్ళు ఇక్కడ్నే తిట్టుకోండ్రి.

మొన్న ఆదివారం అనుమతి తీసుకొని కరీంనగర్ ఎల్‌ఎండీల (లోయర్ మానేరు డ్యాం) దింపినం. మొదలు మంచిగనే పోయింది. నాచు పట్టిన దిక్కు నుంచి మలిపినంక కథ మొదలైంది. లివర్ నూకితే ఇంజన్ అరుస్తది, మీటరు 7 వేల దాకా పోతది, బోటు మాత్రం ఎడ్లబండి లెక్క. నాలుగైదు నిమిషాలకు పీప్ పీప్ అని మోత, ఎర్ర లైటు. తర్వాత ఇంజన్ దానంతటదే మెత్తబడ్డది. ఎంత నూకినా 3 వేలు దాటలే. చేపలు పట్టేటోళ్ళు తాడు కట్టి ఒడ్డుకు గుంజిన్రు. గట్టు మీద పిలగాండ్లు చప్పట్లు కొట్టిన్రు, అది వేరే సంగతి.

మాకు తెలిసిన కారు మెకానిక్ వచ్చి విని, "బోరు పోయింది, హాఫ్ ఇంజన్ చెయ్యాలె, తొంభై వేలు" అన్నడు. బోరు అంటే సిలిండర్ లోపలి గోడ, హాఫ్ ఇంజన్ అంటే ఇంజన్ దించి సగం ఇప్పి బాగుచేసుడట. ఒక దోస్తు దించుదాం అంటడు, ఇంకొకడు ఆగుమంటడు. ఇప్పుడు వాళ్ళిద్దరు మాట్లాడుకుంటలేరు. మీరేమంటరు?

ధర్మారం మోటర్లు:
తమ్మీ, నేను బోట్లు బాగుచెయ్యలే, బాయిల కాడ మోటర్లు ముప్పై ఏండ్లు చేసిన. జెట్ బోటు అంటే ఏందో మా పిలగాడు ఫోన్ల చూపించిండు. అది అడ్డంగ పండబెట్టిన నీళ్ళ పంపు, అంతే. కింద జాలి నుంచి నీళ్ళు గుంజుతది, ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం తిప్పుతది, ఎన్కకు సన్న మూతి నుంచి కొడుతది. ఆ తన్నుకు బోటు ముందుకు పోతది. మరి పొలం కాడ మోటర్ తిరుగుతుంది గానీ నీళ్ళు పోస్తలేదంటే ఎవడన్న ముందుగాల వైండింగ్ ఇప్పుతడా? ఫుట్‌వాల్‌కు చెత్త పట్టిందా, గాలి గుంజుతుందా, ఇంపెల్లర్ అరిగిందా అని చూస్తం. నీ ఇంజన్ 7 వేలు తిరుగుతుందంటే దానికి దమ్ము ఉన్నట్టే. మీద బరువు పడుతలేదు కాబట్టి అట్ల ఎగురుతున్నది. బోరు పోయిన ఇంజన్ ఎగురది, మూలుగుతది.

హాఫ్ ఇంజన్ అన్న:
కాకా, బాయి మోటర్‌ను తెచ్చి దీనికి కట్టకు. ఇది ఉప్పునీళ్ళల్ల నడిచిన ఇంజన్. నడిపినంక మంచినీళ్ళతోని కడగకపోతే లోపల నీళ్ళు తిరిగే దారులల్ల ఉప్పు గడ్డ కడుతది. ఎర్ర లైటు ఉత్తగ రాలే, హీటయితేనే వచ్చింది. ఒక్కసారి గట్టిగ హీటయిందంటే సిలిండర్ల మీద బిగించే హెడ్డు వంగుతది, దాని కింది గ్యాస్కెట్ లేస్తది. నేను ఆ తొంభై వేలు అడిగిన మెకానిక్‌ను కాదు, మాది వేరే షెడ్డు. ఒకటే మాట చెప్తున్న. పంపుల చెత్త తీసినం అని సంబురపడి మళ్ళ ఫుల్ రేసు కొడితే పిస్టన్లు పట్టేస్తయ్. అప్పుడు హాఫ్ ఇంజన్ కాదు, ఇంజనే కొనుక్కోవాలె.

కాకినాడ రేవు:
మాది బోట్ల పనేనండి, ఇరవయ్యేళ్ళ నుంచి. మీరు రాసింది చదివితే నాకు రెండు జబ్బులు కనపడ్డంలేదు, ఒకటే జబ్బు. మీ బోటుకి కారులాగా రేడియేటరు ఉండదు. ఈ రకం చాలావాటిలో ఇంజన్ని చల్లార్చే నీళ్ళు కూడా ఆ జెట్ పంపు నుంచే వస్తాయి. పంపులో ఒత్తిడి ఉంటే ఆ నీళ్ళు పైపులో పైకెక్కి ఇంజన్ చుట్టూ తిరుగుతాయి. పంపు నోరు మూసుకుపోతే బోటూ కదలదు, ఇంజన్‌కీ నీళ్ళందవు. ఆ నాలుగైదు నిమిషాల్లో వేడెక్కింది, కంప్యూటరు అలారం కొట్టి, తనను తాను కాపాడుకోడానికి రేసు తగ్గించేసింది. 3 వేలు దాటకపోడం అందుకేనండి. అది ఇంజన్ చావడం కాదు, ఇంజన్ తెలివి.

జాలి లోపల చెయ్యి పెట్టి చూడండి. పెట్టేముందు మాత్రం తాళం తీసెయ్యండి, ఇంజన్ని ఆపే కిల్ స్విచ్ తాడు పీకెయ్యండి, బ్యాటరీ వైరు కూడా ఊడదియ్యండి. వేళ్ళు పోయినోళ్ళని చూశాను.

ఇంకోటి. ట్రైలర్ మీద స్టార్ట్ చేసి చూపించాడన్నారు. నీళ్ళ గొట్టం పెట్టాడా? నీళ్ళు లేకుండా పదిహేను సెకన్లు మించి నడపకూడదు. గొట్టం పెట్టినా వరుస ఉంది: ముందు ఇంజన్, తర్వాత కుళాయి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తర్వాత ఇంజన్. తిరగేస్తే నీళ్ళని బయటికి తోసే పొగ ఉండదు కదండీ, సైలెన్సర్ నిండిపోయి ఆ నీళ్ళు సిలిండర్లలోకి వెనక్కొస్తాయి.

హన్మకొండ పడవ:
గొట్టం గిట్ట ఏం లేదన్నా. ఒక్కోసారి ఒక నిమిషమన్నా నడిపిండు. నాకిప్పుడు భయమైతుంది.

మానేరు వల:
నిన్న మా ఇంట్ల మీ ముచ్చటనే నడిచింది. మిమ్ముల గుంజిన నావ మా బాబాయిది. అన్నా, మీరు పోయిన దిక్కు వలలు ఏస్తరు, తెగిన దారాలు నాచులనే ఉంటయ్. మీ బోటు కింద ఏముందో నేను చూడకుండ చెప్తా: నైలాన్.

అసలు మన నీళ్ళల్ల జెట్ ఎందుకు కొన్నరో నాకు సమజ్ కాలే. పాకాలల నాచు, భద్రకాళి చెరువుల గుర్రపుడెక్క. సద్దుల బతుకమ్మ తెల్లారి ఏ చెరువు చూసినా పూలు, వినాయకులు పోయినంక గడ్డి, సుతిలి, ఇనుప తీగలు. గుంజి మింగే మూతి ఉన్న బోటుకు ఇవన్ని తిండే. అమ్మేసి ఒక అవుట్‌బోర్డు, అంటే బోటు ఎన్క బయట తగిలించే పంక మోటర్, పెట్టుకోండ్రి. పంకకు తట్టుకుంటే మోటర్ పైకి లేపి కత్తితోని కోస్తం, రెండు నిమిషాలు.

డీజిల్ షెడ్ రిటైర్డ్:
వల తమ్ముడితో సగమే ఒప్పుకుంటా. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ అనే ఆయన 1950లలో ఈ జెట్ బోటు తయారుచేసిందే లోతులేని, రాళ్ళు తేలిన నదుల కోసం. పంక కిందికి దిగి ఉండదు కాబట్టి తగిలే పని లేదు. మన మిడ్ మానేరులో ఊళ్ళకు ఊళ్ళు మునిగినయ్. నీళ్ళు తగ్గితే గోడలు, మొద్దులు ఎక్కడున్నయో ఎవరికీ తెలియదు. అవుట్‌బోర్డు పంక ఒక్క మొద్దుకు తగిలితే రెక్క పోతది. ఎండాకాలం గోదావరి సంగతి చెప్పే పనే లేదు. పైగా ఈత కొట్టే పిల్లల పక్క నుంచి పోతే పంక లేకపోవడం ఎంత మేలో ఆలోచించు. అయితే జెట్ నెమ్మదిగా పోయేటప్పుడు పెట్రోల్ ఎక్కువ తాగుతది, అది నిజం.

ఇక అసలు సంగతి. నేను కాజీపేటలో లోకోలు చూసి రిటైరైన మనిషిని. మాకు నేర్పింది ఒకటే: కొలవకుండా విప్పొద్దు. ముందు డిప్‌స్టిక్ తియ్యి. ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టు, ఆ రోజు నుంచి స్టార్టర్ ముట్టుకోవద్దు. ఆయిల్ బాగుంటే నాలుగు ప్లగ్గులు తీసి, లివర్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్ కంప్రెషన్, అంటే లోపల గాలి ఒత్తిడి, చూడు. అంకె ఎంతన్నది తర్వాత, నాలుగూ దగ్గరదగ్గర ఉన్నయా లేదా అన్నది ముఖ్యం. గేజీకి వెయ్యి, రెండు వేలు అయితది. తొంభై వేలకు ముందు ఈ రెండు వేలు.

హాఫ్ ఇంజన్ అన్న:
సార్ చెప్పింది ఒప్పుకుంటున్న. కొలువుండ్రి. కొలిచినంక ఇదే జాగల మాట్లాడుదాం.

హన్మకొండ పడవ:
అప్‌డేట్ ఇస్తున్న, జర ఓపిక పట్టండ్రి.

నిన్న రాత్రి బ్యాటరీ తీసేసి, ట్రైలర్ కిందికి ఎల్లకిల దూరిన. టార్చ్ పండ్లల్ల పట్టుకున్న. జాలి సందులకెళ్ళి చూస్తే లోపల నల్లగ ఒక గడ్డ. చెయ్యి పోలే, జాలి నాలుగు బోల్టులు తీసినం, ఒకటి తుప్పుకు తిరుగలే, రెండు గంటలు దానికే పోయింది. మొదలు నాచు వచ్చింది, మురిగిన వాసన. దాని ఎన్క షాఫ్టు చుట్టు నీలం రంగు నైలాన్, చీర పిండినట్టు బిగుసుకున్నది. రేసుకు కరిగి కొన్ని జాగలల్ల ప్లాస్టిక్ ముద్దయింది. కత్తి పనిచెయ్యలే, వేడిచేసిన స్క్రూడ్రైవర్‌తోని కోసి కోసి తీసినం. అంతా కలిపితే రెండు పిడికిళ్ళు. వల తమ్మీ, నీకొక చాయ్ బాకీ.

కానీ మొత్తం దారం మన ఎల్‌ఎండీది కాదు. లోపలి పొరల్ల తెల్ల దారం ఉన్నది, గట్టిపడి, ఉప్పు పొడి అంటుకొని. అంటే అది వచ్చేటప్పుడే వచ్చింది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఉన్నది ఉన్నట్టే అమ్మిన కదా" అని పెట్టేసిండు.

ఇంపెల్లర్ అంచులు చెక్కలు చెక్కలుగ లేచినయ్. దాని చుట్టు ఉండే రింగుకు గీరలు. ఆ రెండింటి నడుమ ఎడం ఎంతుండాలె?

కాకినాడ రేవు:
కొత్తప్పుడు ఆ ఎడం అర మిల్లీమీటరు లోపే ఉంటాదండి. మీ దగ్గర ఫీలర్ గేజీ లేకపోతే హ్యాక్సా బ్లేడు తీసుకోండి, అది ఇంచుమించు అర మిల్లీమీటరు పైచిలుకు మందం. ఇంపెల్లర్ రెక్క అంచుకీ రింగుకీ మధ్య బ్లేడు సులువుగా దూరిపోతే అరిగినట్టే. రెండు బ్లేడులు కలిపి దూరితే ఇంక దారం తీసినా లాభం లేదు. నీళ్ళు ఆ సందులోంచి వెనక్కి జారిపోతాయి, మళ్ళీ ఇంజన్ అరుస్తాది, బోటు పాకుతాది. చాలా బోట్లలో రింగు విడిగా మారుతుంది, ఇంపెల్లర్ కంటే చవక. ఇసకలో నడిపితే ఇదే తంతు, ఇసక ముందు తినేది ఆ రింగునే.

పెట్రోల్ సంగతి కూడా అడుగుదామనుకున్నా. ట్యాంకులో ఉన్నది ఎప్పటిది? 2025 వచ్చేసరికి బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిందే. చాలా బోటు ఇంజన్ల పుస్తకాల్లో 10 శాతం మించొద్దని రాసుంటాది. ఇథనాల్ చెమ్మ లాగుతుంది, నీళ్ళు ఎక్కువైతే విడిపోయి అడుక్కి చేరతాయి. నెలల తరబడి నిలవున్న పెట్రోల్ అయితే పారబోసి కొత్తది పొయ్యండి. ఇది మీ జబ్బుకి కారణం కాదు, కానీ రేపటి జబ్బు.

హన్మకొండ పడవ:
రెండు బ్లేడులు దూరినయ్ అన్నా. మూడోది కూడా దూరేటట్టున్నది.

ధర్మారం మోటర్లు:
చెప్పిన కదా, పంపు.

హన్మకొండ పడవ:
అయిపోలే కాకా. ఆయిల్ చూసినం, మంచిగున్నది, తేనె రంగు. పొద్దున కంప్రెషన్ చూసినం. మొదటి మూడు సిలిండర్లు 165, 160, 165. నాలుగోది 140. మూడుసార్లు చూసినం, అంతే వస్తుంది.

హాఫ్ ఇంజన్ అన్న:
ఇప్పుడు మాట్లాడుండ్రి. నాలుగో సిలిండర్ పడ్డది. గ్యాస్కెట్ ఊదుతుంది. నేనేమన్న గాలిల చెప్పిన్నా?

డీజిల్ షెడ్ రిటైర్డ్:
తొందరపడకు. 165కు 140 అంటే పదిహేను శాతం తేడా, సరిగ్గా మంచికి చెడుకు నడుమ గీత మీద ఉన్నది. ప్లగ్గు రంధ్రంలోంచి ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళ చూడు. అంకె బాగా పెరిగితే బోరులో పిస్టన్ రింగులు అరిగినయ్. పెరగకపోతే వాల్వో, గ్యాస్కెట్టో. వాల్వు సందు బిగుసుకున్నా ఇంతే చూపిస్తది, దానికి ఇంజన్ దించే పని లేదు, పై మూత తీస్తే చాలు.

హన్మకొండ పడవ:
పోసినం సార్. 143.

హాఫ్ ఇంజన్ అన్న:
బోరు కాదు, ఒప్పుకుంటున్న. బోరు అన్నాయన తప్పు. కానీ గ్యాస్కెట్ అని నా మాట. ఒకాయన గొట్టం లేకుండ నిమిషం నిమిషం ఉత్తగ నడిపిండు, మీరు నాలుగైదు నిమిషాలు నీళ్ళందకుండ అరిపించిన్రు. కారణం పంపే కావచ్చు, దెబ్బ తగిలింది మాత్రం ఇంజన్‌కే. కాలు జారింది మెట్టు మీద అని మెట్టుకు కట్టు కడుతరా?

కాకినాడ రేవు:
అన్న మాటలో న్యాయం ఉందండి. అయినా నేనైతే పంపు రింగు మార్చకుండా హెడ్డు విప్పను. పంపు బాగవకపోతే కొత్త గ్యాస్కెట్ కూడా వారంలో పోతాది. రింగు వేసి, నీళ్ళ పైపులన్నీ ఊది, ఇసక లేకుండా చేసి, సగం రేసు మీద పావుగంట నడపండి. పక్కన సన్నటి గొట్టంలోంచి నీళ్ళ ధార బయటికొస్తాది చూడండి, దాని మీంచి కన్ను తియ్యొద్దు. ధార సన్నబడిందా, లైటు కోసం ఆగకుండా ఆపెయ్యండి.

పెద్దచెరువు గట్టు:
అంతా బాగుంది, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంది? ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021 ప్రకారం ఇంజన్ ఉన్న బోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి.

హన్మకొండ పడవ:
కాగితాలు ఉన్నయ్, పేరు మార్పు నడుస్తుంది. లైఫ్ జాకెట్లు ఐదు ఉన్నయ్. అవి ఒక్కటే కొత్తవి కొన్నం.

మా నలుగురం కూసొని తేల్చుకున్నం. రింగు ఆర్డర్ పెట్టినం, ఇంపెల్లర్ అంచులు సాఫు చేయిస్తున్నం. వాల్వు సందు చూడనీకి సార్ చెప్పినట్టు పై మూత మాత్రం తీస్తం. హెడ్డు ఇప్పం. ఇంజన్ దించాలె అన్న దోస్తు అలిగి నేను రాను అన్నడు, తొంభై వేలల్ల నీ వాటా మిగిలింది కదరా అంటే ఇప్పుడు వస్త అంటున్నడు. రింగు వచ్చినంక వచ్చే ఆదివారం మళ్ళ ఎల్‌ఎండీకి పోతం, ఈసారి నాచు దిక్కు పోము.

హాఫ్ ఇంజన్ అన్న:
ఎర్ర లైటు మళ్ళ వస్తది. రాసి పెట్టుకోండ్రి.

మానేరు వల:
ఆదివారం బాబాయి అటే ఉంటడు. తాడు మాత్రం మీదే తెచ్చుకోండ్రి, పోయినసారి మాది తెంపిన్రు.