జాంగో 4.2కి మారాక ఫారం సబ్మిట్ చేస్తే 403: ఏ సెట్టింగ్ సరైనది?

నమస్కారమండీ. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) 3.2లో చక్కగా నడుస్తున్న సైట్‌ను 4.2కి మార్చాం. అప్పట్నుంచి సర్వర్‌లో ఏ ఫారం సబ్మిట్ చేసినా "సీఎస్ఆర్ఎఫ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్" (ఫారం మన సైట్ నుంచే వచ్చిందా అని చూసే తనిఖీ) అని 403, అంటే అనుమతి నిరాకరణ, వస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. టెంప్లేట్‌లో టోకెన్ ట్యాగ్ ఉంది, కుకీ కూడా వస్తోంది.

లాగ్‌లో కనిపించేది: ఆరిజిన్ చెకింగ్ ఫెయిల్డ్. 4.0 నుంచి జాంగో, రిక్వెస్ట్ ఏ సైట్ నుంచి వచ్చిందో బ్రౌజర్ చెప్పే ఆరిజిన్ హెడర్‌ను కూడా సరిచూస్తుంది కదా. మా దగ్గర ముందు ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, దాని వెనక జాంగోను నడిపే గునికార్న్ ఉన్నాయి. హెచ్‌టీటీపీఎస్ ఎన్‌జిన్‌ఎక్స్ వరకే. వెనక గునికార్న్‌కు వెళ్లేది మామూలు హెచ్‌టీటీపీ. బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ అంటోంది, జాంగో హెచ్‌టీటీపీ అనుకుంటోంది. తేడా అక్కడే వస్తోందని నా అంచనా.

సీఎస్ఆర్ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో సహా మా డొమైన్ రాస్తే ఎర్రర్ పోయింది. కానీ రిక్వెస్ట్ హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చిందా అని చెప్పే 'ఈజ్ సెక్యూర్' ఇంకా ఫాల్స్ అనే ఇస్తోంది, అందుకే ఇది పైపూతలా అనిపిస్తోంది. సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్ సెట్టింగ్ పెడదామంటే, అది నమ్మే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటోను (బ్రౌజర్ వాడింది హెచ్‌టీటీపీనా హెచ్‌టీటీపీఎస్‌నా అని ముందున్న సర్వర్ చెప్పే హెడర్) బయటివాళ్లు నకిలీగా పంపే ప్రమాదం ఉందని డాక్యుమెంటేషన్ గట్టిగానే హెచ్చరిస్తోంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఆ హెడర్ విలువను మేమే రాసేస్తే సరిపోతుందా? గునికార్న్ పోర్టును బయటికి పూర్తిగా మూసేయాలా? ఇలాంటి సెటప్ నడుపుతున్నవాళ్లు మీ కాన్ఫిగ్‌లో ఆ నాలుగు లైన్లు చూపిస్తే ఎంతో మేలు చేసినవాళ్లవుతారు.