వీ/హెచ్/ఎస్ (2012) చూశా, మొదటి కథ తప్ప దేనికీ భయం వెయ్యలేదు, తేడా నాలోనా సినిమాలోనా? (స్పాయిలర్లున్నాయ్)

ఎస్సార్‌నగర్_రూమ్14

మా రూమ్మేట్ నెల నుంచి చెవిలో జోరీగలా ఈ సినిమా చూడు చూడు అని ఒకటే గోల. సరే అని మొన్న శనివారం రాత్రి హాస్టల్లో నలుగురం మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, ఇది అమెరికన్ ఆంథాలజీ, ఐదు కథలు, వాటిని కలపడానికి ఇంకో కథ. కొంతమంది చిల్లర దొంగలు ఒక వీడియో క్యాసెట్ కోసం ఒక ఇంట్లో దూరుతారు, అక్కడ టీవీల ముందు ఒక ముసలాయన చచ్చి పడుంటాడు, వీళ్ళు ఒక్కో క్యాసెట్ పెట్టి చూస్తుంటారు, మనకి కనపడే కథలు అవే.

మొదటి కథలో కళ్ళజోడులో కెమెరా పెట్టుకున్న కుర్రాడు, బార్లో దొరికిన అమ్మాయి. ఆ అమ్మాయి అంతంత కళ్ళేసుకుని మొహం మీదకొచ్చి మెల్లగా 'ఐ లైక్ యూ' అన్నప్పుడు మా వరంగల్ వాడు దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు, ఒట్టు. ఆ ఊపులో మిగతావి చూస్తే ఏముంది, రెండో కథ మొగుడూ పెళ్ళాం ట్రిప్పు వీడియో, ఏమీ జరగదు, నేను మధ్యలో మ్యాగీ చేసుకోడానికి లేచిపోయా. మూడోది అడవిలో, హంతకుడు కనపడాల్సిన చోట తెర మీద గీతలు, మేమైతే నవ్వాం. నాలుగోది మొత్తం వీడియో కాల్. ఐదోది హాలోవీన్ రోజు పార్టీ అనుకుని వేరే ఇంట్లోకి పోయిన కుర్రాళ్ళది, గోడల్లోంచి చేతులొస్తాయి, అది పర్లేదు.

నా డౌట్ ఏంటంటే ఇంటర్నెట్‌లో సగం మంది రెండో కథే బెస్ట్ అంటున్నారు, ఎందుకు? ఇంకోటి, వీడియో కాల్ వీహెచ్ఎస్ క్యాసెట్లోకి ఎలా వచ్చింది అసలు, లాజిక్ ఉందా? రెండో పార్ట్ చూడాలా ఇక్కడితో ఆపేయాలా కూడా చెప్పండి.

మలక్‌పేట్_మామ

నాకైతే మస్తు నచ్చింది భై. కానీ నలుగురు కూసోని మ్యాగీ తినుకుంట జూస్తే దయ్యానికి గూడ ఇజ్జత్ ఉంటది గదా, అది ఎట్ల వస్తది నీ దగ్గరికి? నేను ఒక్కన్నే జూసిన, వానకాలం, కరెంట్ వోతె ఫోన్ల మిగిల్న గా ఐదో కథ జూసిన. గా పొరడు టెడ్డీ బేర్ వేషమేస్కోని దాంట్లనే కెమెరా పెట్టుకుంటడు సూడు, గది ఐడియా అంటే. పార్ట్ టూల గా ఇండోనేషియా ఆశ్రమం కథ ఒక్కటున్నది, గది జూడకుంట ఆపకు. మిగిల్నయి నీ ఇష్టం.

హారర్_పిచ్చోడు_కూకట్‌పల్లి

ఓవర్ రేటెడ్ బ్రో. షేకీ కెమెరా చూసి తలనొప్పి తప్ప ఏం లేదు. మన డర్నా మనా హై (2003) చూడు, ఆర్జీవీ ప్రొడక్షన్, ఆరు కథలు, సిగరెట్ తాగేవాళ్ళంటే పడని హోటల్ ఓనర్‌గా బొమన్ ఇరానీ, ఎదురుగా సైఫ్, ఆ ఒక్కటి చాలు. అందులో కూడా అడవిలో ఆగిపోయిన ఫ్రెండ్స్ కథలు చెప్పుకుంటూ ఒక్కొక్కరే మాయమవుతారు, ఇందులో దొంగలూ అంతే. తొమ్మిదేళ్ళ ముందే మనోళ్ళు తీసేశారు.

వనస్థలిపురం_వీసీఆర్

తమ్ముళ్ళూ, మీ వయసు వాళ్ళకి ఈ సినిమా సగమే అందుతుంది, మీ తప్పేం కాదు, మీరు క్యాసెట్ వాసన చూళ్ళేదు. ఎనభైల్లో చిక్కడపల్లిలో వీసీఆర్ అద్దెకి తెచ్చుకునేవాళ్ళం, రాత్రంతా మూడు సినిమాలు, తెల్లారేలోగా తిరిగి ఇచ్చెయ్యాలి, మూడో సినిమాకి వచ్చేసరికి ఇంట్లో నేనూ మా బామ్మా తప్ప అందరూ చాప మీద గుర్రు. బొమ్మ అడుగున గీతలొస్తే ట్రాకింగ్ తిప్పడం, హెడ్డుకి దుమ్ము పడితే స్పిరిట్‌తో తుడవడం నా డ్యూటీ.

ఒక సంగతి చెప్తా. మా చిన్నాన్న పెళ్ళి క్యాసెట్ ఉంది. తలంబ్రాలు పోసుకుంటుంటారు, అందరూ నవ్వుతుంటారు, సర్రుమని గీతలొచ్చి ఎవరిదో క్రికెట్ మ్యాచ్, బౌలర్ పరిగెత్తుకొస్తుంటాడు, బంతి వెయ్యడు, మళ్ళీ గీతలు, ఈసారి అప్పగింతలు, మా పిన్ని ఏడుస్తుంటుంది. మధ్యలో అరుంధతీ నక్షత్రం ఎగిరిపోయింది. క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది, అది విరిచేస్తే ఇంక దాని మీద రికార్డ్ అవదు, పెళ్ళి వీడియో కాబట్టి మా తాతయ్య దాన్ని తనే విరిచాడు. తర్వాత చూస్తే ఆ బొక్కకి సెల్లోటేప్ అంటించి ఉంది. అంటే ఎవడో పని గట్టుకుని చేశాడు. ముప్పై ఏళ్ళయింది, ఇంట్లో ఒక్కడూ ఒప్పుకోలేదు. ఈ సినిమాలో కథ మధ్యలో కథ గీతలు పడి తెగుతుంటే నాకు గుర్తొచ్చింది అదే, ఆ సెల్లోటేప్.

అందుకే వీడియో కాల్ క్యాసెట్లోకి ఎలా వచ్చిందని నువ్వడిగితే నాకు నవ్వు రాలేదు. ఎలా ఏముంది, ఎవరో కూర్చుని ఎక్కించారు. టీవీ అవుట్‌కి వైరు పెడితే ఏదైనా ఎక్కుతుంది. ఎవరు ఎక్కించారు, ఎందుకు దాచారు, అది అడుగు. సినిమా చెప్పదు. ఆ ముసలాయన ఇంట్లో అన్ని క్యాసెట్లు ఎందుకున్నాయో కూడా చెప్పదు.

టైమ్‌పాస్_తార్నాక

లింక్ ఉంటే పెట్టండి ప్లీజ్

మలక్‌పేట్_మామ

ఎవడో ఒకడు వస్తడు లింక్ అని. నడువ్.

కృష్ణానగర్_సౌండ్

ఆలస్యంగా వచ్చా, ఎడిట్ రూమ్‌లో ఇరుక్కున్నా. నేను కృష్ణానగర్‌లో సౌండ్ చేస్తా, చిన్న సినిమాలు, వెబ్ సిరీస్‌లు. రూమ్14 తమ్ముడూ, ఒకటే అడుగుతా, లాప్‌టాప్ స్పీకర్లో పెట్టి పైన ఫ్యాన్ ఐదులో వేసుకుని చూశారు కదా? అయితే రెండో కథ మీరు చూశారు గానీ వినలేదు.

మన హారర్లో ఏం జరుగుతుంది, తలుపు తెరవకముందే ఆర్ఆర్, అంటే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, వచ్చేస్తుంది, వయొలిన్లు పైకి లేస్తాయి, ప్రేక్షకుడు చెవులు మూసుకోడానికి టైమ్ దొరుకుతుంది. దొరికిన వీడియో అని చెప్పుకునే సినిమాలో ఆ సౌకర్యం లేదు, ఎందుకంటే నిజం క్యాసెట్లో మ్యూజిక్ ఉండదు. గది చప్పుడు ఉంటుంది, బట్టల రాపిడి, ఊపిరి. రెండో కథలో అర్ధరాత్రి మొగుడూ పెళ్ళాం పడుకునుంటారు, కెమెరా ఆన్ అవుతుంది. వాళ్ళిద్దరూ ఫ్రేమ్‌లోనే నిద్రపోతున్నారు. మరి కెమెరా పట్టుకున్నది ఎవరు? మ్యూజిక్ లేదు, అరుపు లేదు, ఎవరో మెల్లగా దుప్పటి తీసి కత్తి ఆమె ఒంటికి తాకిస్తూ జరుపుతారు, పర్సులోంచి డబ్బు తీసుకుంటారు, బాత్రూమ్‌లోకి పోయి అతని టూత్‌బ్రష్ కమోడ్‌లో ముంచి మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. పొద్దున్న అతను లేచి మామూలుగా ఉంటాడు. ఆ టూత్‌బ్రష్ షాట్‌కి రూపాయి ఖర్చు లేదు తమ్ముడూ, నేను చూసిన హారర్లలో అంత చవగ్గా అంత ఒళ్ళు జలదరించేది ఇంకోటి లేదు. నువ్వు మ్యాగీకి లేచింది సరిగ్గా అక్కడే అని నా డౌటు.

షేకీ కెమెరా అంటున్న కూకట్‌పల్లి బ్రోకి కూడా ఒక మాట. సినిమా మొత్తం రెండున్నర లక్షల డాలర్ల లోపు తీశారని చదివా, అప్పటి రేటుకి మన కోటీ ముప్పై లక్షలంత. ఆ డబ్బుకి లైటింగ్ రాదు, సెట్ రాదు, అందుకే చీకటి, అందుకే చేతి కెమెరా. కానీ చేతి కెమెరా అంటే తేలిక అనుకోవద్దు. మామూలు సీన్‌లో తప్పు జరిగితే వేరే యాంగిల్‌కి కట్ చేసి దాచేస్తాం, ఇక్కడ ఉన్నది ఒకటే కెమెరా, నాలుగు నిమిషాల షాట్‌లో చివర్లో ఒకడు డైలాగ్ మర్చిపోతే మొదటికి రావాలి. అతుకు వెయ్యాలంటే కెమెరా సర్రుమని తిరిగినప్పుడో, బొమ్మ చెదిరినప్పుడో వెయ్యాలి. మీరు నవ్విన ఆ మూడో కథలో అతుకు దాచే గీతల్నే తీసుకుని దయ్యం చేసేశాడు, టేపులో బొమ్మ పడని హంతకుడు. ఐడియా భలే ఉంది, నటన చూస్తే మీ నవ్వు మీద నాకేం కంప్లయింట్ లేదు.

ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. ఆ దొంగల కథ చెత్త. పైగా అది ఐదో కథకి ముందే అయిపోతుంది, అందరూ పోయాక కూడా ఇంకో క్యాసెట్ ఆడుతుంది, చూసేది ఎవరు? కావాలని చేశారో ఆర్డర్ కుదరక చేశారో గానీ నేనైతే కావాలనే అనుకుంటా, ఎందుకంటే ఇంక మిగిలింది మనమే. ఇంకో ముచ్చట, ఆ ఐదో కథ తీసిన రేడియో సైలెన్స్ అనే టీమ్ కుర్రాళ్ళే 2022లో స్క్రీమ్ తీశారు. దొంగల కథ తీసినాయన 2021లో గాడ్జిల్లా వర్సెస్ కాంగ్ తీశాడు. అదృష్టం అంటే అదీ.

బోయిన్‌పల్లి_లక్ష్మి

అందరూ కెమెరా పట్టుకున్నది ఎవరు అంటున్నారు, నేను చెప్తా, మగాళ్ళు. నేను మొదటిసారి ఇరవై నిమిషాలకే ఆపేశా. దొంగలు పార్కింగ్‌లో ఒకామె చొక్కా లాగి వీడియో తీసి అమ్ముకుంటారు, మొదటి కథలో కుర్రాళ్ళు అమ్మాయిలకి తెలియకుండా వీడియో తీద్దామని కళ్ళజోడు కొంటారు, దయ్యం రాకముందే నాకు ఒళ్ళు మండిపోయింది. మెట్రోలో ఎదురు సీటువాడు ఫోన్ కాస్త పైకెత్తి పట్టుకుంటే చున్నీ సర్దుకునేవాళ్ళం మేం, మాకిది ఫాంటసీ కాదు కదా. వాళ్ళకి శిక్ష పడుతుంది కదా అక్కా అంటారు, పడుతుంది, ముందు ఇరవై నిమిషాలు మనకి కూడా అన్నీ చూపించి ఆ తర్వాత పడుతుంది.

కానీ మర్నాడు మిగతాది చూశా, నాలుగో కథ దగ్గర ఆగిపోయా. ఇక్కడ ఎవరూ దాని గురించి మాట్లాడట్లేదు, వీడియో కాల్, లాజిక్, అంతే. అందులో ఆ పిల్ల ఇంట్లో ఏదో తిరుగుతోంది, చేతిలో ఏదో గడ్డ ఉంది అని మొత్తుకుంటుంది, అవతల బాయ్‌ఫ్రెండ్ మెడిసిన్ చదివేవాడు, చాలా ప్రేమగా, చాలా ఓపిగ్గా, నువ్వేం కంగారుపడకు అంటాడు. చివరికి ఆమెకే పిచ్చి అని తేలుస్తారు, అంతా చేసినవాడు తెర మీద నవ్వుతూ ఇంకో అమ్మాయితో మాట్లాడుతుంటాడు, అదే గొంతు, అదే ఓపిక. మొదటి కథలో రెక్కల దయ్యం కంటే ఆ గొంతుకి భయపడ్డా నేను.

వనస్థలిపురం_వీసీఆర్

లక్ష్మిగారూ ఇది నాకు తట్టలేదు. ఆ కథ నేను ఫాస్ట్ ఫార్వర్డ్ చేసినంత పని చేశా. మళ్ళీ చూస్తా.

హారర్_పిచ్చోడు_కూకట్‌పల్లి

సౌండ్ అన్నా అతుకుల సంగతి తెలీదు నాకు, సరే. తలనొప్పి మాత్రం తలనొప్పే.

ఎస్సార్‌నగర్_రూమ్14

అందరికీ థాంక్స్. సౌండ్ అన్నా చెప్పినట్టు నిన్న రాత్రి ఫ్యాన్ ఆపి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, రూమ్ వాళ్ళు పడుకున్నాక రెండో కథ ఒక్కటీ చూశా. అవునన్నా, మ్యాగీకి లేచింది అక్కడే. కెమెరా ఆన్ అయ్యాక వాళ్ళిద్దరూ పడుకుని కనపడగానే నేను ఒకసారి వెనక్కి తిరిగి మా రూమ్ తలుపు చూశా, గడియ లేదు, మా హాస్టల్లో గడియ విరిగి రెండు నెలలైంది, వార్డెన్‌కి చెప్తే రేపు రేపు అంటున్నాడు. లక్ష్మి అక్క చెప్పిన నాలుగోది ఇంకా చూళ్ళేదు, ఒక్కణ్ణే చూడాలా వద్దా అని ఆలోచిస్తున్నా. అడవి కథ మళ్ళీ పెట్టా, మళ్ళీ నవ్వొచ్చింది, సారీ.

పొద్దున్న ఏడింటికి కామన్ బాత్రూమ్‌కి పోయా. ఫ్లోర్‌లో పన్నెండు మందిమి, అందరి బ్రష్‌లు అద్దం కింద ఒకే డబ్బాలో ఉంటాయి, నాది నీలం రంగుది. కొంచెం తడిగా ఉంది. రాత్రి నేనే తోముకున్నానేమో, గుర్తులేదు. చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, చెత్తబుట్టలో పడేసి, నోరు కూడా కడుక్కోకుండా కింద కిరాణా షాపుకి పోయి కొత్తది కొనుక్కొచ్చుకున్నా. దాన్ని రూమ్‌లో సూట్‌కేస్‌లో పెట్టి తాళం వేశా.